లైబ్రరీ సైన్సుకి పోస్టులు లేవని రాశారు, నా పోస్టు సంగతి కూడా వినండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో డిగ్రీ అయిపోయినోళ్ళు ఏం చేయొచ్చో పెద్ద పట్టిక వేశారు. బ్యాంకు, గ్రూప్-2, డీఎస్సీ, ఎస్సై, సాఫ్ట్‌వేర్, ఆఖరికి యూట్యూబ్ ఛానల్ పెట్టుకోవడం కూడా ఉంది, మంచిదే. అట్టడుగున లైబ్రరీ సైన్స్ అని ఒక్క లైను, పక్కన "పోస్టులు బాగా తక్కువ" అని. అబద్ధమని అనను. కానీ ఆ చదువు పెట్టే తిండే ఐదేళ్ళకి పైగా తింటున్నా కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా, కొంచెం పొడుగైంది, ఎక్కడైనా కత్తిరించుకోండి.

నా పని వెబ్‌సైట్లు దాచిపెట్టడం. వెబ్ ఆర్కైవింగ్ అంటారు. మొదట్లో ఈ మాట చెప్తే మా నాయన "ఏం పని అమ్మీ అది, నెట్‌లో ఉన్నది నెట్‌లోనే ఉంటుంది కదా, దాన్ని నువ్వు మళ్ళీ దాచేదేంది" అన్నాడు. అందరూ ఇదే అడుగుతారు. నెట్‌లో పెడితే ఇంక పోదు అని మనందరికీ ఒక నమ్మకం. 2024లో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు లెక్కేస్తే 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకే తెరుచుకోకుండా పోయాయి. నూటికి 38. మా జేజి కాలం నాటి ఇత్తడి బిందె ఇంకా ఇంట్లో ఉంది, నేను డిగ్రీలో చూసిన వెబ్‌సైట్లు ఒక్కటి లేదు.

మా నాయనకే సొంత అనుభవం ఉంది అసలు. ఆయనకి పేపరు కటింగుల పిచ్చి, మంచం కింద ట్రంకుపెట్టె నిండా ఉండేవి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మీద వచ్చిన వ్యాసాలు, కొండారెడ్డి బురుజు ఫోటోలు, తుంగభద్ర నీళ్ళ గొడవలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికొచ్చినప్పుడు మాది పాతబస్తీ, ఇంక చెప్పేదేముంది. నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే అంతా ముద్ద, బురద వాసన. అప్పుడు మా చిన్నాయన ఒక్కడే తెలివిగా డిజిటల్ కెమెరాతో మా వీధి, మా ఇంటి గోడ మీద నీళ్ళ గుర్తు, మేడల మీద ఎక్కి కూర్చున్న జనం అంతా ఫోటోలు తీసి అప్పట్లో అందరూ వాడే ఒక సైట్లో ఆల్బం పెట్టాడు. కాగితాలైతే నానతాయి, ఇవి నానవు అన్నాడు. నిజంగానే నానలేదు. కొన్నేళ్ళకి ఆ సైటు మూసేశారు, ఫోటోలు దింపుకోండి అని మెయిల్ వచ్చిందంట, ఆ మెయిల్ ఐడీ పాస్‌వర్డు చిన్నాయనకి ఎప్పుడో పోయింది. కెమెరా కార్డు మీద పెళ్ళి వీడియోలు ఎక్కించుకున్నాడు. అయిపోయింది. కాగితాన్ని నది తీసుకుపోయింది, ఫోటోల్ని ఎవరో ఎక్కడో స్విచ్ ఆపేసి తీసుకుపోయారు, రెండోది జరిగిన రోజు మాకు తెలీను కూడా తెలీదు.

అదే 2009 అక్టోబరు నెలాఖర్లో జియోసిటీస్ అనే సైటును యాహూ మూసేసింది. మనోళ్ళకి ఆ పేరు అంతగా గుర్తుండదు గానీ 1994 నుంచి లక్షల మంది మామూలు జనం సొంత పేజీలు కట్టుకున్న చోటు అది. ఆర్కైవ్ టీం అని కొందరు వాలంటీర్లు రాత్రింబగళ్ళు కూర్చుని చేతనైనంత కాపీ తీసి ఉంచారు. మేము ఇంట్లో బురద ఎత్తిపోసుకుంటా ఉన్న రోజుల్లో వేరే దేశంలో వాళ్ళు ఇంకో రకం వరదలో సామాన్లు మోస్తా ఉన్నారన్నమాట. ఇది నాకు చానా తర్వాత తెలిసింది.

ఇంక నా దారి చెప్తా, మీ పట్టికలో ఇట్లాంటి దారి లేదు కాబట్టి. 2012లో కర్నూల్లోనే బీఎస్సీ కంప్యూటర్స్ అయింది. అందరి మాదిరే అమీర్‌పేట పోయి హాస్టల్లో ఉండి జావా నేర్చుకున్నా, ఉద్యోగం మాత్రం జావాలో రాలేదు, చిన్న చిన్న కాలేజీలకి, షాపులకి వెబ్‌సైట్లు చేసిపెట్టే ఒక చిన్న కంపెనీలో వచ్చింది, నెలకి 9 వేలు. అక్కడ నా పనుల్లో ఒకటి, డబ్బు కట్టని కస్టమర్ల సైట్లు సర్వర్ మీంచి తీసేయడం. లిస్టు ఇస్తారు, తీసేయాలి. ఒక డిగ్రీ కాలేజీ సైటు అట్లా నా చేత్తోనే తీసేశా. మూడు నెలలకి ఒకాయన ఫోన్ చేశాడు, వాళ్ళ నాయన ఆ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ అంట, చనిపోయాడు, రిటైర్మెంట్ రోజు తీసిన ఫోటో ఆ సైట్లో తప్ప ఇంకెక్కడా లేదు, దశదినకర్మకి పెద్దది చేయించి పెట్టుకోవాలి అని. మా సార్ బ్యాకప్ లేదని చెప్పి పెట్టేయమన్నాడు. నాకు మనసొప్పలేదు, ఆ రాత్రి వెతకతా ఉంటే వేబ్యాక్ మెషిన్ అనేది కనబడింది, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే అమెరికా సంస్థది, పాత వెబ్ పేజీల కాపీలు చూపించే సైటు. కాలేజీ సైటు అడ్రసు కొట్టా. పేజీ వచ్చింది! ఆయన పేరు ఉంది, చదువు ఉంది, ఎన్నేళ్ళు పనిచేశాడో ఉంది, ఫోటో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా.

ఆ ఖాళీ డబ్బా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. చానా సైట్లలో రోబోట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది, ఏ ఫోల్డర్లోకి యంత్రాలు రావొచ్చు ఏ ఫోల్డర్లోకి రాకూడదు అని అందులో రాసుంటుంది. ఆ సైటు చేసింది జూమ్లాలో, అంటే సైట్లు కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో, పాత జూమ్లాతో పాటు వచ్చే ఆ ఫైల్లో ఫోటోల ఫోల్డర్లోకి రావొద్దు అని ముందే రాసుండేది. ఎవరూ కావాలని రాసింది కాదు, ఎవరూ తీసేసిందీ కాదు. ఆ ఒక్క లైను వల్ల యంత్రం మర్యాదగా వాకిట్లోనే ఆగి, మాటలు తీసుకుని ఫోటో వదిలేసి పోయింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పా, ఆ పేజీ ప్రింటయినా పంపమ్మా అన్నాడు. పంపా.

ఆ తర్వాత ఏడాది ఉద్యోగం మానేసి లైబ్రరీ సైన్సులో డిగ్రీ బీఎల్ఐఎస్సీ, ఆ పైన పీజీ ఎంఎల్ఐఎస్సీ చేశా. ఇంట్లో గొడవ గొడవ, కంప్యూటర్ చదివి పుస్తకాలకి అట్టలేసే పని ఏంది అని. అది కాగానే కడపలో తాళపత్రాలు స్కాన్ చేసే కాంట్రాక్టు పని దొరికింది, పదకొండు నెలలు. ఆకు తీసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె రాసి, అక్షరాలు తేలినాక స్కానర్ కింద పెట్టాలి. మధ్యాహ్నం తీరికప్పుడు బ్రౌన్ లైబ్రరీకి పోయి కూర్చునేదాన్ని. సి.పి.బ్రౌన్ 1820లో కడపకి వచ్చినాయన, అక్కడే బంగళా కొనుక్కుని, సొంత జీతం పోసి పండితుల్ని పెట్టి, ఊరూరా తాళపత్రాలు తెప్పించి, ఒక పద్యానికి నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి ఏ పాఠం సరైందో చూపించి శుభ్రంగా కొత్త కాపీలు రాయించినాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి లైబ్రరీ, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలడిగి కట్టించింది. 1825 నాటికి తెలుగు సాహిత్యం కొడిగట్టిన దీపం మాదిరి ఉండిందని బ్రౌనే రాసుకున్నాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే ఆ కాపీల పుణ్యమే. నాకు అక్కడ కూర్చున్నప్పుడు తట్టింది ఏందంటే ఆయన ఆ పద్యాలు కొత్తగా రాయించలేదు, ఉన్నదాన్ని ఇంకో ప్రతి తీయించాడు, అంతే. కాపీ తీయడం తక్కువ పని అనుకునేదాన్ని అప్పటిదాకా.

2020లో ఒక విదేశీ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళ వెబ్ ఆర్కైవ్‌కి పనిచేసే ఏజెన్సీలో చేరా, ఇంటి నుంచే, ఇదే పాతబస్తీలో మేడ మీద గదిలోంచి. జీతం గురించి దాపరికం లేదు, నాతో చదివి సాఫ్ట్‌వేర్లో ఉన్నోళ్ళ దాంట్లో సగం కూడా రాదు, కాంట్రాక్టు ఏడాదికోసారి మార్చిలో రెన్యువల్, ఆ నెలంతా కడుపులో గుబులే. ఇది చెప్పకుండా పిల్లల్ని రమ్మనడం తప్పు.

పని ఎట్లుంటుందంటే, ముందు ఏ సైట్లు తీయాలో లిస్టు, దాన్ని సీడ్స్ అంటాం, విత్తనాలు. ఒక్కో విత్తనం నుంచి యంత్రం, క్రాలర్ అంటాం, లింకు లింకు పట్టుకుని పోతా ప్రతి పేజీ, ఫోటో, పేజీ రూపు చెప్పే స్టైలు అన్నీ తెచ్చుకుంటుంది. ఎంత దూరం పోవాలో గిరి మనం గీయాలి. గీయకపోతే ఏమవుతుందో నాకు మొదటి నెలలోనే తెలిసింది, ఒక సైట్లో క్యాలెండర్ ఉండింది, తర్వాతి నెల, తర్వాతి నెల అని బటన్, మా క్రాలర్ పాపం రాత్రంతా నొక్కుకుంటా పోయి పొద్దున నేను కాఫీ తాగతా చూసేసరికి 2190వ సంవత్సరంలో ఉంది, ఖాళీ నెలలన్నీ బుద్ధిగా దాచిపెట్టింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు చేసిన క్రాలర్ పేరు హెరిట్రిక్స్, వారసురాలు అని అర్థం వచ్చే పాత ఇంగ్లీషు మాటంట, ఆ పేరంటే నాకు ఇష్టం. తెచ్చినదంతా వార్క్ అనే ఫైల్లో పడుతుంది, 2009లో అది ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది, సర్వర్ ఏం పంపిందో ఉన్నదున్నట్టు, ఏ తేదీ ఏ నిమిషంలో పంపిందో దాంతో సహా. స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలదా అంటారు చానామంది. స్క్రీన్‌షాట్ అంటే గుడి ముందు దిగిన ఫోటో. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు చూడండి, మేము చేసేది అది, లోపలికి పోయి ప్రదక్షిణం చేయొచ్చు. ఈ మాట చెప్పినాకే మా నాయనకి నా ఉద్యోగం అర్థమైంది, ఇప్పుడు చుట్టాలకి ఆయనే చెప్తాడు.

కట్టినాక నిలబడిందా లేదా చూడటం నా అసలు పని, క్యూఏ అంటాం, నాణ్యత తనిఖీ. మెనూ తెరుచుకుంటుందా, వీడియో ఆడుతుందా, కిందికి జరిపే కొద్దీ లోడయ్యే పేజీల్లో కింద భాగం వచ్చిందా. మన తెలుగు సైట్లకి ఇంకో తలనొప్పి ఉంది, అది బయటోళ్ళకి తెలీదు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకటే నంబరు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నుంచే ఉంది గానీ మామూలు జనం కంప్యూటర్లలోకి వచ్చింది విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటు గుర్తుండే ఉంటుంది. ఆలోపల, ఆ తర్వాత కూడా చానా ఏళ్ళు, తెలుగు పేపర్ల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు పెట్టుకున్నాయి. అంటే లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, వాటి మీద తెలుగు ముసుగు. ఆ ముసుగు ఫాంటు ఫైలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మాత్రమే అర్థమయ్యే రకం. ఇప్పుడు ఆ పాత పేజీ దొరికినా ఫాంటు దొరకదు, దొరికినా ఇప్పటి బ్రౌజర్లు దాన్ని ముట్టుకోవు, తెర మీద కొక్కిరాయి గీతల మాదిరి చెత్త కనిపిస్తుంది. పద్మ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉండేది, ఆ ముసుగులు తీసి యూనికోడ్‌లోకి మార్చేది, ఎవరో పుణ్యాత్ముడు చేసిపెట్టాడు. ఏ ఫాంటులో ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టికలు అట్లాంటివి ఇప్పుడు మాకు బంగారం. తాళపత్రం మీద మసి పూస్తే అక్షరం తేలతుంది, దీనికి ఆ పట్టికే మసి. పదేళ్ళు పోతే ఆ పేజీల్లో ఉన్నది తెలుగు అని గుర్తుపట్టేవాళ్ళు కూడా ఉండరేమో, అందుకే ఇది తెలుగు చదవడం వచ్చిన మన జిల్లాల పిల్లలు చేయాల్సిన పని, శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుని చేయలేరు.

శాన్‌ఫ్రాన్సిస్కో అంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉండే ఊరు. బ్రూస్టర్ కేల్ అనే ఆయన 1996లో మొదలుపెట్టాడు, 2001లో వేబ్యాక్ మెషిన్ జనానికి తెరిచారు, 2025 అక్టోబరుకి లక్ష కోట్ల పేజీలు దాటాయి. గొప్ప సంగతే, కానీ అంతా ఒక్కళ్ళ మీద వదిలేయడం ఎట్లాంటిదో 2024 అక్టోబరులో చూశాం, హ్యాకర్లు పడి కొన్నాళ్ళు సైటే తెరుచుకోలేదు. అంతకు ముందు ఏడాది బ్రిటిష్ లైబ్రరీకీ అదే గతి పట్టింది. అయినా కొన్ని బయటి దేశాల్లో దీనికి చట్టాలున్నాయి. స్వీడన్ 1996లోనే తమ దేశపు సైట్లు దాచడం మొదలుపెట్టింది, డెన్మార్క్‌లో 2005 నుంచి, బ్రిటన్‌లో 2013 నుంచి చట్టప్రకారమే వెబ్‌సైట్లు జాతీయ లైబ్రరీకి చేరతాయి. మనకి 1954 నాటి పుస్తకాల చట్టం ఉంది, పుస్తకం అచ్చేస్తే కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి తలా ఒక కాపీ ఇవ్వాలి, 1956లో పేపర్లనీ చేర్చారు. వెబ్‌సైటు ఊసు అందులో లేదు. ఉంటే పోస్టులు పుట్టేవి, మీ పట్టికలో ఆ లైను మారేది.

అన్నీ దాచాలి అని కూడా నేను అనను. 2017లో 200 పైచిలుకు ప్రభుత్వ సైట్లలో పథకాల లబ్ధిదారుల పేర్లూ ఆధార్ నంబర్లూ బాహాటంగా ఉన్నాయని బయటపడింది. అట్లాంటి పేజీ కనబడితే మేము పక్కన పెట్టి పైవాళ్ళకి చెప్తాం, జనానికి చూపించం. ఏది తీయాలి, ఏది మూసిపెట్టాలి అనే దాని మీద గొడవపడటంలోనే సగం రోజు పోతుంది మాకు, యంత్రాలతో కాదు.

ఆసక్తి ఉన్న పిల్లలకి చెప్పేది ఏందంటే, డిగ్రీ ఏదైనా పర్లేదు, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ చదవడం రావాలి, లైనక్స్‌లో ఆదేశాలు టైపు చేసే నల్ల తెర చూసి భయపడకూడదు, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్, దాంతో పాటు లైబ్రరీ సైన్సులో నేర్పే కేటలాగింగ్, అంటే ఏది ఏందో ఎక్కడుందో పట్టిక రాసే పని, ఈ చివరిది సాఫ్ట్‌వేర్ పిల్లలకి రాదు, అదే మన బలం. ఆర్కైవ్‌వెబ్‌పేజ్ అని ఉచితంగా దొరికే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, ఈ రోజే మీ కాలేజీ సైటు మీద ప్రయోగం చేసుకోవచ్చు. వేబ్యాక్‌లోనే సేవ్ పేజ్ నౌ అని ఉంది, లింకు అతికించి నొక్కితే చాలు, మా నాయన కూడా నేర్చుకున్నాడు. 2022 ఏప్రిల్ 4న మన కర్నూలు చీలి నంద్యాల జిల్లా అయింది, అనంతపురం చీలి శ్రీ సత్యసాయి, కడప చీలి అన్నమయ్య. ఆ ముందు రోజు రాత్రి మూడు పాత జిల్లాల సైట్లు ఒక్కసారి మొత్తం కాపీ తీసుంటే ఎంత బాగుండేది. నాకే తోచలేదు, పనిలో ఉండి కూడా, ఆ తర్వాత నాలుగు రోజులు నన్ను నేను తిట్టుకున్నా.

ఇంక మీ పేపరు సంగతి, కోపం తెచ్చుకోవద్దు. మా అన్న కూతురు ఏడో తరగతి, స్కూల్లో మా ఊరి వరద అని ప్రాజెక్టు ఇచ్చారు. 2009 అక్టోబరు 3 నాటి మీ జిల్లా ఎడిషన్ పేజీ లింకు నా దగ్గర పాతది ఒకటి ఉంటే నొక్కా. లేదు అని కూడా చెప్పలేదు, తిన్నగా మీ ఇప్పటి మొదటి పేజీకి తీసుకుపోయింది, పైన సినిమా వార్త. పాప "అత్తా, వరద ఏది" అని అడిగింది. ఆ జిల్లా పేజీలు మన ఊరి రోజువారీ చరిత్ర, మార్కెట్‌లో ఉల్లిగడ్డ ధర, ఏ కాలనీకి నీళ్ళు రాలేదు, ఎవరింట్లో ఎవరు పోయారు, ఇంకెవరూ రాయరు వాటిని.

అందుకని రెండే అడుగుతా. పాత లింకుని మొదటి పేజీకి తోసేయకుండా, ఆ వార్త ఇప్పుడు లేదు అని ఒక ముక్క రాయించండి, దానివల్ల మా బోటి వాళ్ళకి ఏది పోయిందో లెక్క అయినా తెలుస్తుంది. రెండోది, మీ కర్నూలు ఆఫీసులో 2009 నాటి పేజీలు పెట్టిన పాత సీపీయూలు, సీడీలు ఏ మూలనో ఉండే ఉంటాయి. ఈసారి దసరాకి దుమ్ము దులిపేటప్పుడు వాటిని పాత సామాన్లోడికి వేసే ముందు ఒక్క ఫోన్ చేయండి, నంబరు ఉత్తరం వెనక రాశా, అది అచ్చు వేయొద్దు. స్కూటీ ఉంది, నేనే వచ్చి తీసుకుపోతా, కాపీ తీసుకుని మీవి మీకు తెచ్చిస్తా. ఫాంటు ఫైలు కూడా అందులో ఉంటే మాత్రం స్వీట్లు తెస్తా.

ఇట్లు
మీ పాఠకురాలు,
పాతబస్తీ, కర్నూలు